ప్రజాస్వామ్యం, మానవ హక్కులు: అమెరికాకు భద్రతా లక్ష్యమా, వట్టి ముసుగా?

మీరు అడిగింది ఇది: ప్రపంచంలో ప్రజాస్వామ్యాన్ని, మానవ హక్కులను ప్రోత్సహించడం తన జాతీయ భద్రతకే అవసరమని అమెరికా అధికారికంగా రాసుకుంటూ వచ్చింది. అదే అమెరికా ఎందరో నియంతలకు ఆయుధాలిచ్చింది, ఎన్నికైన ప్రభుత్వాలను కూల్చింది. అలాంటప్పుడు ఆ లక్ష్యానికి విలువేమైనా ఉందా, లేక అదంతా ముసుగేనా? దాన్ని ఇప్పుడు వదిలేస్తే ఏమవుతుంది?

అంతర్జాతీయ రాజకీయాలు బోధిస్తూ చాలా ఏళ్లు గడిపాను. ఈ ప్రశ్న వచ్చినప్పుడల్లా క్లాసు రెండుగా చీలేది. ఒక వర్గం అంతా నాటకమనేది. మరో వర్గం ప్రజాస్వామ్య దేశాలు ఒకదానితో ఒకటి యుద్ధానికి దిగవన్న సిద్ధాంతం చెప్పి అక్కడితో ఆగిపోయేది. నేను చెప్పేది ఈ రెండింటితోనూ పూర్తిగా కలవదు. ఆ లక్ష్యం నిజమైనదే, దానివల్ల అమెరికాకు నిజంగా భద్రత దక్కిన సందర్భాలున్నాయి. దక్కిన చోటల్లా పనిచేసింది అందులోని మానవ హక్కుల భాగం. అంటే మీరే సంతకం చేసిన మాటకు కట్టుబడండని ఓపిగ్గా నిలదీయడం, సొంత ప్రజలను చంపేవాడికి ఆయుధాలు, డబ్బు ఆపడం. ప్రభుత్వాన్ని బలంతో కూల్చి ప్రజాస్వామ్యం నాటుతామన్న భాగం మాత్రం లక్షల ప్రాణాలు బలిగొని, ఆ మాటకే చెడ్డపేరు తెచ్చింది.

ఈ లక్ష్యం ఎక్కడ పుట్టిందో ముందు చూడాలి. చాలామంది అధ్యక్షుల ఉపన్యాసాలు ఉదహరిస్తారు. ప్రజాస్వామ్యానికి ప్రపంచం సురక్షితం కావాలని 1917 ఏప్రిల్ 2న విల్సన్ అన్న మాట అందరికీ తెలుసు. 1994లో క్లింటన్ ప్రభుత్వం విడుదల చేసిన జాతీయ భద్రతా వ్యూహం సైనిక భద్రత, ఆర్థిక అభివృద్ధితో పాటు ప్రజాస్వామ్య ప్రోత్సాహాన్ని మూడో ప్రధాన లక్ష్యంగా పెట్టుకుంది. 2005 జనవరి 20న రెండోసారి ప్రమాణం చేస్తూ జార్జ్ బుష్ ప్రపంచంలో నిరంకుశత్వాన్ని అంతం చేయడమే గమ్యమన్నారు. ఉపన్యాసాల వరకే చూస్తే మీ అనుమానం సబబే.

కానీ దీనికి చట్టబద్ధమైన పట్టు వచ్చింది అమెరికా కాంగ్రెస్‌లో. అదీ అధ్యక్షుల ఇష్టానికి విరుద్ధంగా. వియత్నాం యుద్ధం మీద కోపం, చిలీలో 1973 సెప్టెంబరు 11న ఆయెండే ప్రభుత్వాన్ని సైన్యం కూల్చాక జరిగిన హత్యలు, చిత్రహింసలు చట్టసభ సభ్యులను కదిలించాయి. ప్రతినిధుల సభలో డొనాల్డ్ ఫ్రేజర్ అనే సభ్యుడు 1973లోనే మానవ హక్కులు, విదేశాంగ విధానం మీద వరుసగా విచారణలు నడిపారు. దాని ఫలితంగా విదేశీ సహాయ చట్టంలోకి 502బి అనే సెక్షన్ వచ్చింది. మానవ హక్కులను ఒక పద్ధతిగా, తీవ్రంగా ఉల్లంఘించే ప్రభుత్వాలకు సైనిక సహాయం ఇవ్వకూడదన్నది దాని సారం. 1974లో సలహాగా మొదలైన ఈ నిబంధనను 1976లో గట్టిపరిచారు. విదేశాంగ మంత్రి కిసింజర్ దీన్ని ఇష్టపడలేదు. తన చేతులు కట్టేస్తున్నారని ఆయన బాధ. ఏటా విదేశాంగ శాఖ దేశాలవారీగా విడుదల చేసే మానవ హక్కుల నివేదికలు ఈ చట్టాల వల్ల వచ్చినవే. జిమ్మీ కార్టర్ 1977లో వచ్చి దీన్ని తన విధానంగా ప్రకటించేటప్పటికే పునాది పడి ఉంది.

ముసుగు అనేవాళ్లు పట్టించుకోని సంగతి ఇదే. మా ప్రభుత్వం చెప్పేదొకటి, చేసేదొకటి అని సరిగ్గా మీలాగే భావించినవాళ్లు ఆ ప్రభుత్వానికి పగ్గం వేయడానికి రాసిన చట్టాలివి.

ఇక ఇది భద్రతకు ఎలా పనికొచ్చిందో చెప్పడానికి హెల్సింకీని మించిన ఉదాహరణ నాకు తెలియదు. అందుకే కాస్త వివరంగా చెబుతాను.

1975 ఆగస్టు 1న ఫిన్లండ్ రాజధాని హెల్సింకీలో 35 దేశాలు ఒక తుది ఒప్పందం మీద సంతకాలు చేశాయి. అమెరికా, కెనడా, సోవియట్ యూనియన్‌తో పాటు, ఒక్క అల్బేనియా తప్ప దాదాపు యూరప్ అంతా అందులో ఉంది. సోవియట్ అధినేత బ్రెజ్నెవ్‌కు కావలసింది రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఏర్పడిన సరిహద్దులను పశ్చిమ దేశాలు ఒప్పుకోవడం. అది దొరికింది. బదులుగా పశ్చిమ యూరప్ దేశాలు పట్టుబట్టి మానవ హక్కుల సూత్రాన్ని, విడిపోయిన కుటుంబాలు కలుసుకోవడం, సమాచారం సరిహద్దులు దాటడం వంటి అంశాలను చేర్పించాయి. మాస్కో నాయకత్వం వాటిని కాగితం మీది మాటలుగానే తీసుకుంది. తమ దేశంలో తామే యజమానులం కదా అనుకుంది. అమెరికాలోనూ దాన్ని నమ్మినవాళ్లు తక్కువ. తూర్పు యూరప్‌ను సోవియట్లకు రాసిచ్చేశారని అధ్యక్షుడు ఫోర్డ్ మీద విరుచుకుపడ్డారు. రొనాల్డ్ రీగన్ బాహాటంగా వ్యతిరేకించారు.

ఒప్పందం పూర్తి పాఠాన్ని సోవియట్ పత్రికలే అచ్చు వేశాయి. జనం చదివారు. 1976 మే 12న మాస్కోలో యూరీ ఓర్లోవ్ అనే భౌతిక శాస్త్రవేత్త మరికొందరితో కలిసి ఒక బృందం ఏర్పాటు చేశారు. ప్రభుత్వాన్ని కూల్చుతామని వాళ్లు అనలేదు. మా ప్రభుత్వం సంతకం చేసిన ఒప్పందం అమలవుతోందా లేదా అని గమనించి రాస్తామన్నారు, అంతే. ఎవరిని మానసిక వైద్యశాలలో బంధించారు, ఎవరికి దేశం విడిచి వెళ్లే అనుమతి ఇవ్వలేదు, ఏ మతస్థుల పిల్లలను లాక్కున్నారు అని ఒక్కో కేసూ టైపు చేసి సంతకం చేసిన దేశాలకు పంపేవారు. ఉక్రెయిన్‌లో, లిథువేనియాలో, జార్జియాలో, ఆర్మేనియాలో అలాంటి బృందాలే వెలిశాయి. చెకొస్లొవేకియాలో అంతర్జాతీయ హక్కుల ఒడంబడికలను ప్రభుత్వమే 1976లో తన చట్టాల సంపుటిలో ప్రచురించింది. 1977 జనవరిలో నాటక రచయిత వాత్స్లావ్ హావెల్, తత్వవేత్త యాన్ పాటోచ్కా తదితరులు వెలువరించిన చార్టర్ 77 అనే ప్రకటన ఆ ప్రచురణను చూపించే, మీ చట్టాన్ని మీరు పాటించండని అడిగింది.

వీళ్లు చెల్లించిన మూల్యం చిన్నది కాదు. పాటోచ్కా సుదీర్ఘమైన పోలీసు విచారణల తర్వాత ఆ మార్చిలోనే కన్నుమూశారు. ఓర్లోవ్‌కు ఏడేళ్ల కఠిన శిక్ష, ఆపై ఐదేళ్ల ప్రవాసం. మాస్కో బృందం 1982లో పని ఆపేయక తప్పలేదు. అయినా వాళ్లు పంపిన కాగితాలు వృథా పోలేదు. 1976లోనే అమెరికా కాంగ్రెస్ హెల్సింకీ అమలును పర్యవేక్షించే కమిషన్‌ను పెట్టింది. బెల్‌గ్రేడ్‌లో 1977లో, మాడ్రిడ్‌లో 1980 నుంచి, వియన్నాలో 1986 నుంచి జరిగిన సమీక్షా సమావేశాల్లో ఖైదీల పేర్లు చదివి వినిపించారు. ఒకప్పుడు ఒప్పందాన్ని వ్యతిరేకించిన రీగన్ అధ్యక్షుడయ్యాక అదే ఒప్పందాన్ని పట్టుకుని మాట్లాడారు. సోవియట్ అధినేతగా గోర్బచేవ్ వచ్చాక, పశ్చిమ దేశాలతో ఆయుధాల తగ్గింపు కుదరాలంటే ఖైదీల సంగతి తేల్చాల్సిందేనన్నది స్పష్టమైంది. ఓర్లోవ్ 1986లో విడుదలయ్యారు. హక్కుల కోసం గొంతెత్తిన భౌతిక శాస్త్రవేత్త సఖరోవ్ అదే ఏడాది డిసెంబరులో గోర్కీ నగరంలోని ప్రవాసం నుంచి మాస్కోకు తిరిగొచ్చారు. 1989 డిసెంబరు 29న హావెల్ దేశాధ్యక్షుడయ్యారు. 1991 జూలై 1న సోవియట్ నాయకత్వంలోని సైనిక కూటమి, వార్సా కూటమి రద్దయింది.

సోవియట్ పతనానికి హెల్సింకీ ఒక్కటే కారణమని నేననను. కుదేలైన ఆర్థిక వ్యవస్థ, అఫ్గాన్ యుద్ధం, గోర్బచేవ్ బలప్రయోగానికి వెనకాడడం, పోలండ్‌లో సాలిడారిటీ కార్మిక ఉద్యమం, అన్నీ ఉన్నాయి. కానీ అణ్వాయుధాలు ఎక్కుపెట్టుకున్న రెండు కూటముల్లో ఒకటి యుద్ధం లేకుండా కరిగిపోవడం కన్నా పెద్ద భద్రతా లాభం అమెరికాకు ఏ యుద్ధంలోనూ దక్కలేదు. అప్పటికప్పుడు అధికారం చేపట్టగల నమ్మకమైన మనుషులు ప్రాగ్‌లో, వార్సాలో సిద్ధంగా ఉన్నారంటే, ఆ పదిహేనేళ్లు వాళ్ల పేర్లు బయటి ప్రపంచం మరచిపోకుండా ఉండటం అందుకు ఒక ముఖ్య కారణం.

ఇందులో అమెరికా చేసింది ఏమిటో గమనించండి. ఉద్యమాన్ని అది పుట్టించలేదు, నడపలేదు. లోపలి మనుషులు లేవనెత్తిన మాటను ప్రతి సమావేశంలో మళ్లీ మళ్లీ బల్ల మీద పెట్టింది.

దీనికి సరిగ్గా వ్యతిరేక దిశలో నడిచిన కథ ఇరాన్‌ది. 1953 ఆగస్టులో సీఐఏ, బ్రిటిష్ గూఢచారి సంస్థ కలిసి ప్రధాని మొసద్దెఖ్‌ను కూలదోయించాయి. చమురు, కమ్యూనిజం భయం కారణాలు. తర్వాత పాతికేళ్లు ఇరాన్ రాజు షా అమెరికాకు ఆ ప్రాంతంలో మూలస్తంభం. ఇక్కడ నేను నైతికత కన్నా ముందు సమాచారం గురించి చెబుతాను, ఎందుకంటే భద్రతా నిపుణులు కూడా దీన్ని తక్కువగా చర్చిస్తారు. షాకు కోపం వస్తుందని అమెరికా అధికారులు ఆయన ప్రత్యర్థులను కలవడం బాగా తగ్గించుకున్నారు. దేశం లోపలి వార్తల కోసం షా సొంత రహస్య పోలీసు సంస్థ సావాక్ మీద ఆధారపడ్డారు. ఫలితం? 1977 డిసెంబరు 31 రాత్రి టెహ్రాన్ విందులో, మానవ హక్కుల అధ్యక్షుడిగా పేరుపడ్డ కార్టరే, ఇరాన్ స్థిరత్వపు దీవి అని మెచ్చుకున్నారు. 1978 ఆగస్టులో సీఐఏ అంచనా ప్రకారం ఇరాన్ విప్లవ దశలోనూ లేదు, విప్లవానికి ముందు దశలోనూ లేదు. ఆరు నెలల్లో షా పాలన కూలింది. 1979 నవంబరు 4న రాయబార కార్యాలయం ఆక్రమణ జరిగింది, 52 మంది 444 రోజులు బందీలయ్యారు. సోవియట్ క్షిపణి పరీక్షలను గమనించే కేంద్రాలు కూడా ఇరాన్‌లో చేజారాయి.

పత్రికలు మూతపడి, ప్రతిపక్షం జైల్లో ఉన్న దేశంలో జనం ఏమనుకుంటున్నారో పాలకుడికే తెలియదు. అతని స్నేహితులకు ఎలా తెలుస్తుంది? మానవ హక్కులకు, భద్రతకు ఉన్న సంబంధంలో అన్నిటికంటే తక్కువ గుర్తింపు పొందింది ఇదే. స్వేచ్ఛగా మాట్లాడే దేశంలో అసంతృప్తి ముందుగా వినబడుతుంది.

1971 బంగ్లాదేశ్ యుద్ధం సంగతి మనవాళ్లకు బాగా తెలుసు కాబట్టి దాని మీద వచ్చే వాదనకే వస్తాను. 1970 డిసెంబరు ఎన్నికల్లో తూర్పు పాకిస్తాన్‌లోని 162 సాధారణ స్థానాల్లో 160 అవామీ లీగ్ గెలిచింది. పాకిస్తాన్ సైనిక పాలకుడు యాహ్యా ఖాన్ సైన్యం 1971 మార్చి 25 రాత్రి ఢాకాలో మారణకాండ మొదలుపెట్టింది. అక్కడి అమెరికన్ కాన్సుల్ జనరల్ ఆర్చర్ బ్లడ్ ఏప్రిల్ 6న పంపిన టెలిగ్రామ్‌లో, ప్రజాస్వామ్యాన్ని అణచివేస్తుంటే మన ప్రభుత్వం ఖండించలేకపోయిందని తన సహోద్యోగులు 20 మంది సంతకాలతో అసమ్మతి తెలిపారు. ఆయన్ను ఆ పదవి నుంచి తప్పించారు. నిక్సన్, కిసింజర్‌లకు యాహ్యా కావాలి, చైనాకు దారి ఆయనే. దాదాపు కోటి మంది శరణార్థులు భారత్‌కు వచ్చారు. ఆగస్టు 9న భారత్ సోవియట్ యూనియన్‌తో మైత్రీ ఒప్పందం చేసుకుంది. డిసెంబరులో పదమూడు రోజుల యుద్ధంతో అమెరికా మిత్రదేశం రెండు ముక్కలైంది.

చైనాతో సంబంధాలు తెరుచుకోవడం అంతటి వ్యూహాత్మక విజయం కదా, దానికోసం ఆ మౌనం తప్పలేదు అంటారు. ఈ వాదనను నేను తేలిగ్గా తీసుకోను, ఆ విజయం నిజమైనదే. కానీ తేదీలు చూడండి. కిసింజర్ పాకిస్తాన్ మీదుగా రహస్యంగా బీజింగ్ వెళ్లింది 1971 జూలైలో. ఆ తర్వాత రెండు దేశాలకు నేరుగా మాట్లాడుకునే దారి ఏర్పడింది. అంటే జూలై నుంచి డిసెంబరు దాకా యాహ్యాను వెనకేసుకురావడానికి, చివరికి ఎంటర్‌ప్రైజ్ విమాన వాహక నౌకను బంగాళాఖాతానికి పంపడానికి ఆ సాకు కూడా లేదు. భద్రత పేరుతో హక్కులను పక్కన పెట్టినప్పుడల్లా ఇలాగే జరుగుతుంది. మొదట అత్యవసరమంటారు. అవసరం తీరాక కూడా అలవాటుగా సాగుతుంది.

ఫిలిప్పీన్స్ దగ్గర రీగన్ ప్రభుత్వం చివరి నిమిషంలో దారి మార్చుకుంది. అక్కడి అధ్యక్షుడు మార్కోస్ 1972లో సైనిక శాసనం విధించి నియంతగా ఏలాడు. క్లార్క్ వైమానిక స్థావరం, సూబిక్ బే నౌకా స్థావరం పోతాయేమోనని వాషింగ్టన్ అతణ్ణి భరించింది. 1986 ఫిబ్రవరి 7 ఎన్నికలకు సెనేటర్ రిచర్డ్ లూగర్ నాయకత్వంలో పరిశీలకులు వెళ్లారు. ఓట్ల లెక్కింపు చేస్తున్న కంప్యూటర్ ఆపరేటర్లే అంకెలు మారుస్తున్నారంటూ పని మానేసి బయటికొచ్చారు. రీగన్ మొదట రెండు పక్షాలూ మోసం చేశాయన్నట్టు మాట్లాడారు. లూగర్ లాంటి సొంత పార్టీ మనుషులే అడ్డుకున్నారు. మనీలా వీధుల్లో జనం సైనిక ట్యాంకులకు ఎదురు నిలిచారు. సెనేటర్ పాల్ లాక్సాల్ట్ ఫోన్‌లో మార్కోస్‌కు ఇక తప్పుకోమని చెప్పారు. ఫిబ్రవరి 25న అతను దేశం విడిచాడు.

తర్వాత జరిగింది ఇంకా ముఖ్యం. 1991లో ఫిలిప్పీన్స్ సెనేట్ స్థావరాల ఒప్పందాన్ని 12-11 ఓట్లతో తిరస్కరించింది. అమెరికా స్థావరాలు ఖాళీ చేసి వెళ్లిపోయింది. చూశారా, ప్రజాస్వామ్యం వస్తే స్థావరాలు పోతాయన్న భయం నిజమైంది కదా అంటారు. నిజమే, పోయాయి. కానీ ఓటుతో పోయాయి, గడువు ఇచ్చి పోయాయి, 1951 నాటి పరస్పర రక్షణ ఒప్పందం చెక్కుచెదరలేదు. 1998లో అమెరికా బలగాల రాకపోకలకు కొత్త ఒప్పందం కుదిరింది, 2014లో మరొకటి. ఇరాన్‌లో పోయిందేదీ ఇప్పటికీ తిరిగి రాలేదు. నియంతతో కుదిరిన ఒప్పందం ఆ మనిషితోనే ముడిపడి ఉంటుంది. పార్లమెంటు చర్చించి ఒప్పుకున్న ఒప్పందం ప్రభుత్వం మారినా నిలుస్తుంది.

ఇప్పుడు బలప్రయోగం సంగతి. 2003లో ఇరాక్ మీద దాడికి చెప్పిన ప్రధాన కారణం సామూహిక విధ్వంసక ఆయుధాలు. అవి దొరకలేదు. ఆ తర్వాతే ప్రజాస్వామ్యం ముందు వరుసలోకి వచ్చింది. ఈ వరుసక్రమం మరచిపోకూడదు, ముసుగు అన్న మీ మాట ఇక్కడ అక్షరాలా సరిపోతుంది. 2003 మేలో ఆక్రమణ పాలనాధికారి జారీచేసిన మొదటి ఉత్తర్వు సద్దాం హుస్సేన్ బాత్ పార్టీ వాళ్లను ఉద్యోగాల నుంచి తొలగించింది, రెండోది సైన్యాన్నే రద్దు చేసింది. ఆయుధం పట్టడం తెలిసిన లక్షల మంది జీతాల్లేకుండా రోడ్డున పడ్డారు. ఎన్నికలు 2005లో జరిగాయి. కానీ ఓటు వేసి ఇంటికొచ్చిన మనిషికి ప్రాణరక్షణ లేదు, న్యాయం చెప్పే కోర్టు లేదు. దాంతో జనం తమ తెగ, తమ మతశాఖ నీడలోకి వెళ్లారు.

జర్మనీ, జపాన్‌ల్లో బలంతోనే కదా ప్రజాస్వామ్యం వచ్చిందని ఇరాక్ యుద్ధ సమర్థకులు అప్పట్లో తరచూ అనేవారు. ఆ రెండు దేశాల్లోనూ యుద్ధానికి ముందే పార్లమెంట్లు, పార్టీలు, ఎన్నికల అనుభవం ఉన్నాయి. పనిచేసే అధికార యంత్రాంగం ఓటమి తర్వాత కూడా మిగిలింది. జర్మనీలో 1949 నాటి రాజ్యాంగాన్ని కూర్చింది అడెనావర్ లాంటి జర్మన్ నాయకులే. అన్నిటికీ మించి మార్షల్ ప్రణాళిక కింద 1948 నుంచి పశ్చిమ యూరప్‌కు దాదాపు 1,300 కోట్ల డాలర్ల సహాయం అందింది. అమెరికా ఆ యుద్ధాలు చేసింది ప్రజాస్వామ్యం నాటడానికి కాదన్నది ఇంకో విషయం.

ఎన్నికలే ప్రజాస్వామ్యం అనుకోవడం దీంట్లో పెద్ద చిక్కు. 1795లో జర్మన్ తత్వవేత్త కాంట్ రాసిన వ్యాసం నుంచి, 1983లో మైఖేల్ డాయ్ల్ చేసిన పరిశోధన వరకు, స్థిరపడిన ప్రజాస్వామ్యాలు తమలో తాము యుద్ధానికి దిగడం చాలా అరుదన్న వాదన బలంగానే నిలిచింది. స్థిరపడిన అన్న మాట దగ్గర ఆగాలి. ఎడ్వర్డ్ మాన్స్‌ఫీల్డ్, జాక్ స్నైడర్ 1995లో చూపించింది ఏమిటంటే, కోర్టులు, పత్రికలు, పార్టీలు బలపడకముందే ఎన్నికల పోటీలోకి దూకిన దేశాలు యుద్ధాల్లో పడే ప్రమాదం ఎక్కువ, నాయకులు ఓట్ల కోసం జాతి ద్వేషాన్ని రెచ్చగొడతారు కాబట్టి. యుగొస్లావియా ముక్కలైన తీరు చూసినవాళ్లకు ఇది వివరించనక్కర్లేదు. 2006 జనవరిలో పాలస్తీనా ఎన్నికలు జరగాలని వాషింగ్టనే ఒత్తిడి చేసింది. హమాస్ 132 స్థానాల్లో 74 గెలిచింది. అప్పుడు ఆ ప్రభుత్వంతో సంబంధం లేదంది. ఎన్నికల ఫలితం నచ్చకపోతే ఏం చేయాలో ముందే ఆలోచించుకోని దేశం ఎన్నికల గురించి పాఠం చెప్పకూడదు.

మీ ప్రశ్నలో లేకపోయినా ఒక విషయం చెప్పి తీరాలి. ఈ లక్ష్యం అమెరికాకు అన్నిటికంటే మేలు చేసింది బహుశా సొంత గడ్డ మీద. నల్లజాతి పిల్లలకు వేరే బడులుండటం చెల్లుతుందా అన్న బ్రౌన్ కేసులో, 1952 డిసెంబరులో అమెరికా న్యాయశాఖ సుప్రీంకోర్టుకు ఒక నివేదన సమర్పించింది. జాతి వివక్ష కమ్యూనిస్టుల ప్రచారానికి ముడిసరుకు అందిస్తోందని, ప్రజాస్వామ్యం మీద మనకున్న నిబద్ధతను మిత్రదేశాలు కూడా శంకిస్తున్నాయని అందులో ఉంది. 1954 మే 17న వేరే బడులు చెల్లవని తీర్పు వెలువడగానే వాయిస్ ఆఫ్ అమెరికా ఎన్నో భాషల్లో ప్రసారం చేసింది. 1957లో ఆ తీర్పు అమలు కోసం లిటిల్ రాక్ నగరానికి సైన్యాన్ని పంపుతూ ఐసెన్‌హోవర్ కూడా ప్రపంచం ముందు దేశ ప్రతిష్ఠ మాట ఎత్తారు. పౌరహక్కుల ఉద్యమం గెలిచింది వీధుల్లో దెబ్బలు తిన్న మనుషుల వల్లే, అందులో సందేహం లేదు. కానీ ప్రపంచం చూస్తోందన్న స్పృహ వాళ్ల చేతికి ఒక ఆయుధమైంది. దీన్నే తిరగేస్తే 2004 ఏప్రిల్‌లో బయటపడ్డ అబూ గ్రైబ్ జైలు ఫొటోలు, ఇరాకీ ఖైదీలను అమెరికన్ సైనికులు హింసించిన దృశ్యాలు. ఆ ఒక్క వారంలో అమెరికా మాట కోల్పోయిన విలువను ఏ రాయబారీ తిరిగి తేలేకపోయాడు.

మరి ఒక ప్రభుత్వం ఈ లక్ష్యాన్ని నిజంగా నమ్ముతోందో లేదో ఎలా పసిగట్టాలి? ప్రకటనలు వదిలేసి సైనిక సహాయం బిల్లు చూడమంటాను. ఈజిప్టుకు అమెరికా ఏటా ఇచ్చే సైనిక సహాయం 130 కోట్ల డాలర్లు. 2005 జూన్‌లో కైరోలోనే కొండలీజా రైస్, 60 ఏళ్లుగా ప్రజాస్వామ్యాన్ని పణంగా పెట్టి స్థిరత్వం కోరుకున్నాం, రెండూ దక్కలేదు అన్నారు. ఒక విదేశాంగ మంత్రి నోట అంతకన్నా నిజాయితీగల మాట నేను వినలేదు. ఎన్నికైన ఈజిప్టు అధ్యక్షుడు మోర్సీని 2013 జూలై 3న సైన్యం దింపేసింది. సైనిక కుట్ర జరిగిన దేశానికి సహాయం ఆపాలని అమెరికా చట్టమే చెబుతోంది. ఒబామా ప్రభుత్వం అది కుట్రా కాదా అని తేల్చడానికే నిరాకరించింది. ఆగస్టు 14న కైరోలోని రబా కూడలిలో మోర్సీ మద్దతుదారులను కనీసం 817 మందిని చంపారని హ్యూమన్ రైట్స్ వాచ్ లెక్కతేల్చింది. అక్టోబరులో కొంత సహాయం నిలిపారు, 2015లో మళ్లీ విడుదల చేశారు. మోర్సీ మంచి పాలకుడని నేననను. చట్టం రాసుకుని, అది వర్తించే రోజు కళ్లు తిప్పుకోవడం వల్ల ఆ ప్రాంతంలోని ప్రతి సైన్యాధికారికీ ఒక సంకేతం వెళ్లింది.

దీనికి పక్కనే వర్ణవివక్ష పాలన మీద తెచ్చిన 1986 దక్షిణాఫ్రికా ఆంక్షల చట్టం పెట్టి చూడండి. రీగన్ వీటో చేస్తే ప్రతినిధుల సభ 313-83, సెనేట్ 78-21 ఓట్లతో దాన్ని తోసిపుచ్చాయి. రీగన్ పార్టీ సభ్యులే పెద్ద సంఖ్యలో ఆయనకు వ్యతిరేకంగా ఓటేశారు. ప్రచ్ఛన్న యుద్ధంలో దక్షిణాఫ్రికా అమెరికావైపు ఉందన్న వాదన అప్పుడు నెగ్గలేదు.

బయటి డబ్బు గురించి కూడా జాగ్రత్త అవసరం. 1983లో ఏర్పడిన నేషనల్ ఎండోమెంట్ ఫర్ డెమోక్రసీ వంటి సంస్థలు పత్రికలకు, ఎన్నికల పరిశీలకులకు, కార్మిక సంఘాలకు బహిరంగంగా నిధులిస్తాయి. వాటిలో మంచి పని చాలా ఉంది. కానీ నిధి అందుకున్న మనిషిని విదేశీ ఏజెంటని ముద్ర వేసి జైల్లో పెట్టడం ప్రభుత్వాలకు తేలిక. రష్యా 2012లో అమెరికా ప్రభుత్వ విదేశీ సహాయ సంస్థ యూఎస్‌ఎయిడ్‌ను పంపేసింది, 2015లో ఈ ఎండోమెంట్‌ను అవాంఛనీయ సంస్థగా ప్రకటించింది. కాబట్టి ఎంత డబ్బు, ఎవరికి, ఎంత బాహాటంగా అన్నది అక్కడ ఉండి ప్రమాదం మోసే మనుషులు నిర్ణయించాలి. వాషింగ్టన్‌లో కూర్చున్నవాళ్లు కాదు.

చివరగా మీరడిగిన రెండో మాట, ఈ లక్ష్యాన్ని ఇప్పుడు వదిలేస్తే ఏమవుతుందని. ఇది ఊహకు వదిలేసే ప్రశ్న కాదు, జరుగుతూనే ఉంది. 2025 జనవరిలో విదేశీ సహాయాన్ని స్తంభింపజేశారు, జూలై 1 నాటికి యూఎస్‌ఎయిడ్ ప్రత్యేక సంస్థగా లేకుండా పోయింది. ఆ ఆగస్టులో వచ్చిన వార్షిక మానవ హక్కుల నివేదికలను బాగా కుదించారు, కొన్ని రకాల ఉల్లంఘనల ప్రస్తావనే తగ్గింది. ఆ నివేదికలను నేను ఏళ్ల తరబడి చదివాను. వాటిలో మిత్రదేశాల పట్ల మొహమాటం ఎప్పుడూ ఉండేది. అయినా అవి పనికొచ్చేవి. ఆశ్రయం కోరి వచ్చినవారి కేసులు విచారించే అమెరికన్ న్యాయమూర్తులు వాటిని సాక్ష్యంగా చూస్తారు, సెనేట్‌లో ఆయుధాల అమ్మకాన్ని ప్రశ్నించే సభ్యుడు వాటినే ఉటంకిస్తాడు, జైల్లో ఉన్నవాళ్ల కుటుంబాలు తమ వారి పేరు అందులో ఉందో లేదో వెతుక్కుంటాయి. 502బి సెక్షన్ మాత్రం ఇంకా చట్టంలోనే ఉంది. ఒక దేశం హక్కుల పరిస్థితి మీద వివరణ ఇమ్మని విదేశాంగ శాఖను తీర్మానం ద్వారా కోరే అధికారం కాంగ్రెస్‌కు దానివల్లే వచ్చింది. అడిగిన నివేదిక ముప్పై రోజుల్లో రాకపోతే ఆ దేశానికి భద్రతా సహాయం ఆగిపోవాలి. దాన్ని వాడుకునే సభ్యులు ముందుకొస్తారా అన్నది రాబోయే రోజుల్లో మీరు గమనించవలసిన విషయం.